లోపం లేదని మూడుసార్లు రాసిన బండి

ముప్పై ఏళ్లకు పైగా కార్ల వర్క్‌షాపుల్లో పనిచేసి ఇంట్లో కూర్చున్నవాడికి ఒక సౌకర్యం ఉంటుంది. తాను బాగుచేసిన బళ్ల గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. ఆ బళ్లు ఈపాటికి తుక్కులోకి పోయి ఉంటాయి కాబట్టి సాక్ష్యం చెప్పడానికి రావు. నేనూ అలాంటి కథలు పెళ్లి పందిళ్లలో, బ్యాంకు క్యూల్లో చాలానే చెప్పాను. చెప్పినకొద్దీ నా పనితనం మెరుగవుతూ వచ్చింది. ఈ ఒక్క సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు చదువుతారని ఇప్పుడు రాస్తున్నాను. చదివి నవ్వుకోండి, పర్వాలేదు. నవ్వడం అయ్యాక, మీరు బండి బండికీ రాసే జాబ్ కార్డులు ఒకసారి తీసి చూసుకోండి.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది. నేను విజయనగరంలో ఒక వర్క్‌షాపుకి సూపర్‌వైజర్ని. యజమాని షావుకారు గారి కుటుంబం తాతల నాటి నుంచి పప్పులు, బెల్లం వ్యాపారం చేసేది. కార్ల వర్క్‌షాపునీ ఆయన అదే పద్ధతిలో నడిపేవారు. అమ్మిన సరుకు తిరిగి తీసుకోరు, తూకం మీద అనుమానపడితే ఊరుకోరు.

అప్పటికి మా ఊళ్లో ఆటోమేటిక్ కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటి మీద నాకు చెన్నైలో మూడు రోజుల శిక్షణ ఇప్పించారు. మొదటి రోజు ప్రారంభోత్సవం, మూడో రోజు గ్రూపు ఫోటో, సర్టిఫికెట్ల పంపకం. మధ్యలో ఉన్న రోజు పాఠం చెప్పారు, కాని ఆ పూట భోజనం బాగుంది. ఆ సర్టిఫికెట్‌కి అద్దం కట్టించి షావుకారు గారు రిసెప్షన్‌లో వేలాడదీశారు. దాంతో ఉత్తరాంధ్రలో ఆటోమేటిక్ గేరు బాక్సుల మీద నేను నిపుణుణ్ని అయిపోయాను. నాకు తెలియనిదల్లా గేరు బాక్సు ఒక్కటే.

ఆ రోజుల్లో ఒక లెక్కల టీచరు గారు మా దగ్గరికి వచ్చేవారు. నలభై ఏళ్లు దాటినావిడ. కాలం చేసిన వాళ్ల నాన్నగారు బాప్టిస్టు చర్చి పాస్టరు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆవిడ ఎడమ కాలికి ఇనప కడ్డీల పట్టా ఉండేది. చీపురుపల్లి అవతల ఒక హైస్కూల్లో ఉద్యోగం. ఎన్నో ఏళ్లు ప్యాసింజరు రైల్లో, ఆటోలో పడి తిరిగారు. ఎడమ కాలితో క్లచ్ తొక్కాల్సిన పనిలేని కారు వచ్చిందని తెలిసి, వెంటనే అప్పు చేసి కొనుక్కున్నారు. మనకి కారంటే హోదా. ఆవిడకి అది కాలు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ చెప్పింది చాలా స్పష్టంగా ఉంది.

"సార్, బండి స్లో చేస్తే ఇంజను ఆగిపోతన్నాది. ఇంటికాడ బయల్దేరినప్పుడు బాగానే ఉంటాది. ముప్పావుగంట రోడ్డు మీద నడిచాక స్పీడు తగ్గిస్తే ఠప్పున ఆగిపోతాది. ఒక ఇరవై నిమిషాలు వదిలేస్తే మళ్లీ మామూలుగా నడుస్తాది."

ఒక రోగం గురించి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. నేను శ్రద్ధగా తలాడించి, ఆవిడ చెప్పినదాన్ని జాబ్ కార్డు మీద 'ఇంజను ఆగుతోంది' అని రెండు ముక్కల్లోకి కుదించాను. మా పెద్ద మేస్త్రి బండి తీసుకుని వర్క్‌షాపు చుట్టూ రెండు రౌండ్లు వేసి, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"బంగారంలాగున్నాది. ఏటీ నేదు," అన్నాడు.

బండి లోపాలు చదివే స్కానర్ పెట్టాం. అదీ ఏమీ లేదంది. 'లోపం లేదు' అని రాసి సంతకం పెట్టాను. మీరు ఇప్పుడు స్కానర్ని దేవుడిలా కొలుస్తున్నారు కాబట్టి చెబుతున్నాను, దానికి తీగలో తప్పుంటే తెలుస్తుంది, నూనెలో తప్పుంటే తెలియదు. నాకూ తెలియలేదనుకోండి. కాని స్కానర్‌కి సర్టిఫికెట్ ఇవ్వలేదు.

పది రోజుల్లో ఆవిడ మళ్లీ వచ్చారు. ఈసారి ప్లగ్గులు మార్చి, గాలి వెళ్లే గొట్టం శుభ్రం చేసి పంపాం. మూడోసారి వస్తే పెట్రోలు పంపు మార్చాం. ఇంజను ఆగుతోందంటే ఇంజనుకే జబ్బు అని మా సిద్ధాంతం. తలనొప్పికి తల మార్చాలన్నట్టు. ప్రతిసారీ ఐదు నిమిషాల టెస్ట్ డ్రైవు, ప్రతిసారీ కార్డు మీద 'ప్రస్తుతం లోపం లేదు', కింద నా సంతకం. నా సంతకం అందంగా ఉంటుందని అందరూ అనేవారు.

మూడోసారి ఆవిడ ఒక రూళ్ల నోటుబుక్కు తెచ్చారు. గళ్లు గీసి రాసిన పట్టిక. ఏ రోజు, ఎన్ని కిలోమీటర్లు నడిచాక, ఏ వేగం నుంచి తగ్గిస్తే, గేరు లీవరు ఎక్కడ ఉండగా ఆగింది, ఎంతసేపటికి మళ్లీ నడిచింది. అన్నీ ఎర్ర సిరాతో మార్జిన్లు గీసి ఉన్నాయి. అది నా బల్ల మీద పెట్టి, "ఒకసారి చదవండి సార్," అన్నారు. "తప్పకుండా మేడమ్," అని దాని మీద టీ గ్లాసు పెట్టాను.

ఆవిడ బయట బెంచీ మీద కూర్చోగానే పెద్ద మేస్త్రి నా చెవిలో అన్నాడు. "బండికి కాదండి రోగం. ఆవిడ ఎడమ కాలుని బ్రేకు మీద ఆన్సి పెట్టేస్తన్నాదేమో. అందుకే ఆగిపోతన్నాది."

నిజానికి ఆవిడ ఎడమ కాలు బ్రేకు దాకా ఎత్తగలిగితే ఆ కారు కొనే అవసరమే ఉండేది కాదు. ఆ ఆలోచన నాకు రాలేదు. నిపుణులకి అలాంటి చిన్న విషయాలు తట్టవు. నేను బయటికి వెళ్లి, గొంతులో ఎంతో మర్యాద నింపుకుని, "మేడమ్, మీరు తెలియకుండా ఎడమ కాలు బ్రేకు మీద పెడుతున్నారేమో. ఇంట్లో మగవాళ్లు ఎవరైనా ఒకసారి నడిపి చూస్తే బాగుంటుంది," అన్నాను.

ఆవిడ నా ముఖం కేసి కాసేపు చూశారు. బోర్డు మీద తప్పు లెక్క చేసిన కుర్రాణ్ని చూసే చూపు. నోటుబుక్కు తీసుకుని, గ్లాసు కింద పడిన గుండ్రటి మరకను కొంగుతో తుడుచుకుని వెళ్లిపోయారు. నేను లోపలికొచ్చి, 'డ్రైవింగ్ అలవాట్ల గురించి కస్టమరుకు వివరించడమైనది' అని కార్డు ముగించాను.

మార్చి నెల రెండో శనివారం పొద్దున్న పదింటికి ఆవిడ నాలుగోసారి వచ్చారు. వచ్చి తాళాలు నా బల్ల మీద పెట్టారు.

"ఇవాళ మాకు సెలవు సార్. చీపురుపల్లి దాకా వెళ్లొద్దాం. మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను. ఇంట్లో మగవాళ్లు లేరు, అందుకని మిమ్మల్ని అడగాల్సొచ్చింది."

కాదనడానికి కారణం దొరకలేదు. పైగా నాకు నమ్మకం. పది కిలోమీటర్లు, ఇరవై కిలోమీటర్లు, బండి వెన్నలా పోతోంది. ఆవిడ ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నారు. నేను ఒంటి చేత్తో స్టీరింగు పట్టుకుని, యాక్సిలరేటరు ఎలా తొక్కాలో, బ్రేకు ఎంత మృదువుగా వెయ్యాలో ఆవిడకి బోధించుకుంటూ వెళ్లాను. ఆవిడ ఊఁ కొట్టారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఊఁ లో ఎంత ఓపిక ఉందో అర్థమవుతుంది.

చీపురుపల్లి దగ్గరపడ్డాక రైల్వే గేటు వచ్చింది. గేటు తీసే ఉంది. పట్టాల మీద బండి ఎగరకుండా వేగం బాగా తగ్గించాను. ముందు చక్రాలు రెండో లైను పట్టా ఎక్కాయి. బండి ఒక్కసారి వణికి, ఇంజను ఆగిపోయింది.

మళ్లీ స్టార్ట్ చేశాను. ఇంజను హాయిగా అందుకుంది. లీవరు డ్రైవులోకి లాగాను. గుటుక్కుమని ఆగింది. మళ్లీ స్టార్ట్, మళ్లీ డ్రైవు, మళ్లీ గుటుక్కు. నాలుగుసార్లు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతోంది.

"మీరు ఎడమ కాలు బ్రేకు మీద పెట్టారేమో సార్," అన్నారు టీచరు గారు. గొంతులో కోపం లేదు, వ్యంగ్యం లేదు. కేవలం గుర్తుచేశారు.

ఇంతలో గేటుమ్యాన్ పచ్చజెండా చంకలో పెట్టుకుని వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. దూరం నుంచే మొదలెట్టాడు. "ఆడోళ్ల సేతికి బండ్లిచ్చేస్తే ఇలగే ఉంటాది మరి..." అంటూ కిటికీలోకి వంగి, స్టీరింగు దగ్గర నన్ను చూసి ఆగాడు. నన్నూ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు.

"ఏటి బాబూ, డ్రైవింగు నేర్సుకోనేదా?" అన్నాడు.

"బండిలో తేడా ఉంది," అన్నాను. మూడుసార్లు లేదని రాసినవాణ్ని నేనే.

"తేడా గీడా తరవాత సూసుకోండి. స్టేషన్నుంచి ఫోనొచ్చింది, గేటెయ్యమంతన్నారు. గేటు పడకపోతే సిగ్నలివ్వరు, రైలు అవతలే నిలబడిపోతాది. రేపు సంజాయిషీ రాసుకోవాల్సింది నేను. మీరు కాదు."

రైలు నన్ను గుద్దదని దాని అర్థం. పద్ధతి అలాంటిది. గేటు వెయ్యనిదే సిగ్నలు పడదు. కాని పట్టాల మీద కూర్చున్నవాడికి పద్ధతులు గుర్తుకు రావు. ఎక్కడో దూరాన కూత వినిపించింది. అది ఈ లైను మీదో, ఆ లైను మీదో తెలియదు. నా చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది. తలుపు తీసుకుని పరిగెత్తాలనిపించింది. పక్కన చూశాను. ఆవిడ పట్టా ఉన్న కాలితో పరిగెత్తలేరు. ఆ సంగతి నేను ఆలోచించినట్టు ఆవిడకి కనపడింది.

"న్యూట్రల్‌లో పెట్టండి సార్," అన్నారు ఆవిడ. "న్యూట్రల్‌లో ఇంజను ఆగదు. బండి తోస్తే కదుల్తాది. మూడో పేజీలో రాశాను."

న్యూట్రల్‌లో పెట్టాను. గేటుమ్యాన్ బస్సు కండక్టర్ని కేకేశాడు. కండక్టరూ, నలుగురు ప్రయాణికులూ దిగి తోశారు. అందులో ఒకాయన పొందూరు ఖద్దరు పంచె కట్టుకున్న పెద్దాయన. పంచె మడిచి కట్టుకుని, "కానీండి, కానీండి," అంటూ అందరికంటే గట్టిగా తోశాడు. బండి పట్టాలు దాటి రోడ్డు పక్కకి వెళ్లింది. గేటు పడింది. కొన్ని నిమిషాలకి గూడ్సు బండి వచ్చింది. యాభై పైన పెట్టెలు. ఒక్కో పెట్టె నేను కూర్చున్న చోటు మీదుగా వెళ్లింది. నేను ఒక్కొక్కటీ చూశాను.

ఆ తర్వాత గేటుమ్యాన్ గది నీడలో నిలబడి, మొదటిసారి ఆవిడ నోటుబుక్కు అడిగి తీసుకుని చదివాను. పది నిమిషాల్లో అయిపోయింది. ముప్పై ఏళ్ల అనుభవంతో నేను మూడుసార్లు చెయ్యలేని పని అందులో ఎర్ర సిరాతో చేసి ఉంది.

ఆటోమేటిక్ బండిలో ఇంజనుకీ గేరు బాక్సుకీ మధ్య గుమ్మడికాయంత డబ్బా ఒకటి ఉంటుంది. దాన్నే టార్క్ కన్వర్టర్ అంటారు. దాని నిండా నూనె. ఇంజను నూనెని తిప్పుతుంది, నూనె గేరు బాక్సుని తిప్పుతుంది. బండి నిలబడినా నూనె జారిపోతుంది కాబట్టి ఇంజను ఆగదు. హైవే మీద ఆ జారుడు వల్ల పెట్రోలు దండగ. అందుకని లోపల ఒక క్లచ్ పెట్టారు. వేగంగా పోయేటప్పుడు అది రెండిటినీ బిగించి పట్టుకుంటుంది, వేగం తగ్గగానే వదిలెయ్యాలి. ఈ బండిలో వేడెక్కాక వదలడం లేదు. మామూలు కారు క్లచ్ తొక్కకుండా బ్రేకు వేస్తే ఏమవుతుందో అదే అవుతోంది. డ్రైవింగు నేర్చుకునే మొదటి రోజునే ప్రతివాడికీ తెలిసే విషయం. నాకు మాత్రం సర్టిఫికెట్ అడ్డం వచ్చింది.

అక్కడే పరీక్ష చేశాను. న్యూట్రల్‌లో ఇంజను చక్కగా తిరిగింది. బ్రేకు తొక్కి డ్రైవులోకి లాగితే చచ్చింది. ఇరవై నిమిషాలు ఆగాక లాగితే బతికే ఉంది. ఆవిడ గడియారం చూసి, పట్టికలో ఇంకో వరస రాసుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఆవిడే నడిపారు. నేను బోధనలేమీ చెయ్యలేదు.

వర్క్‌షాపులో బండిని మళ్లీ వేడెక్కించి, ఆ క్లచ్‌కి పట్టుకోమని ఆజ్ఞ ఇచ్చే తీగ పీకేశాం. తీగ లేకపోయినా వదల్లేదు. అంటే తప్పు కరెంటులో లేదు, నూనె దారిలో ఉంది. గేరు బాక్సు అడుగు తట్ట విప్పాం. ఎర్రగా ఉండాల్సిన నూనె నల్లటి కషాయంలా దిగింది. అడుగున క్లచ్ అరిగిన పొడి, మెత్తటి బురదలా. ఆ బురద వెళ్లి క్లచ్‌కి నూనె వదిలే కవాటంలో ఇరుక్కోవడంతో, వేడెక్కితే అది బిగుసుకుంటోంది. పెద్ద మేస్త్రి రెండు వేళ్లతో నూనె తీసి రుద్ది వాసన చూశాడు. ముఖం మారిపోయింది.

"ఇది దీని నూనె కాదండి. మన డ్రమ్ములో నూనె కలిసిపోనాది."

మన డ్రమ్ము అంటే, మామూలు గేరు బళ్లన్నిటికీ పోసే నూనె. పాత కార్డులు తీశాం. ఎనిమిది నెలల క్రితం సర్వీసు. 'గేరు బాక్సు నూనె తక్కువ, నింపడమైనది.' పోసింది పెద్ద మేస్త్రి. పర్యవేక్షణ అన్నచోట నా అందమైన సంతకం. ఆవిడ కాలుని మేమే విరిచాం. తర్వాత మూడుసార్లు వస్తే, మీకు నడవడం రాదని పంపేశాం.

మేస్త్రి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "ఆ కాయితం నానెక్కడో పడేస్తాను లెండి. పాత కాయితాలు ఎలకలు తినేత్తాయి కదేటి," అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఇద్దరు కూతుళ్లు చదువుకుంటున్నారు, భయపడ్డాడు.

షావుకారు గారికి చెప్పాను. ఆయన తాపీగా విన్నారు. "బైట ఎక్కడో నూనె పోయించుకున్నారని రాసెయ్యి. పంతులమ్మ కదా, రాసింది నమ్ముతాది," అన్నారు.

"ఆవిడ రాసింది నమ్మరండి. రాసింది దిద్దుతారు," అన్నాను.

"అయితే నువ్వేటి సేద్దామని? హరిశ్చంద్రుడివైపోతావేటి?"

నేను హరిశ్చంద్రుణ్ని కాను. ఆ సాయంత్రం కార్డు ముందు పెట్టుకుని అరగంట కూర్చుని, 'బయట పోయించుకున్న నూనె వల్ల' అని సగం వాక్యం రాసినవాణ్ని కూడా. వాక్యం పూర్తికాలేదు. పట్టాల మీద తలుపు పిడి మీద చెయ్యి వేసిన క్షణం అడ్డొచ్చింది. నేను దిగిపోతానేమో అని ఆవిడ నాకేసి చూసిన చూపు. ఆ కార్డు చించేసి ఇంకోటి తీశాను. మా నూనె, మా తప్పు, పర్యవేక్షణ లోపం నాది అని రాశాను. మేస్త్రి పేరు రాయలేదు. సంతకం ఆ రోజు వంకరగా వచ్చింది.

సోమవారం ఆవిడ వచ్చినప్పుడు ఆ కార్డు కాపీ చేతికిచ్చి, నిలబడి చెప్పాను. ఆవిడ మొత్తం చదివారు. అరుస్తారని ఎదురుచూశాను. అరిస్తే నాకు తేలికయ్యేది.

"ఒకటడుగుతాను సార్," అన్నారు. "లోపం లేదని మూడుసార్లు రాశారు కదా. నిజంగా లేదనుకునే రాశారా, తెల్దు అని రాయడం కష్టమైపోయి రాశారా?"

"రెండోదేనండి."

ఆవిడ తలూపారు. "మా పిల్లలూ అంతే. రాని లెక్కకి ఏదో జవాబు రాసి కింద రెండు గీతలు గీసేస్తారు. గీతలు మాత్రం చాలా నీటుగా ఉంటాయి."

కన్వర్టర్ విశాఖ నుంచి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఆవిడ మళ్లీ ప్యాసింజరు రైలెక్కారు. ఒక పొద్దున్న పనుండి స్టేషన్‌కి వెళ్లినప్పుడు దూరం నుంచి చూశాను. ముందు సంచీ లోపల పెట్టి, రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని, ఆ కాలిని ఈడ్చి పైకి చేర్చారు. నేను స్తంభం చాటుకి తప్పుకున్నాను. పలకరించే ధైర్యం సర్టిఫికెట్‌లో ఇవ్వలేదు.

ఖర్చంతా వర్క్‌షాపే పెట్టుకుంది. షావుకారు గారు నాతో నెల రోజులు మాట్లాడలేదు. మాట్లాడిన రోజున నన్ను స్పేర్ పార్టుల గోడౌనుకి మార్చారు. అక్కడ ఏ బండికి ఏ నూనో డ్రమ్ముల మీద పెద్ద అక్షరాలతో రాయించాను. ఆ మరుసటి ఏడు కంపెనీ వాళ్లు తనిఖీకొచ్చి, ఆ రాతలు చూసి మెచ్చుకుని, షావుకారు గారికి ఒక జ్ఞాపిక ఇచ్చారు. ఆయన దాన్ని నా సర్టిఫికెట్ పక్కనే వేలాడదీశారు. రెండూ ఒకదానికొకటి సరిపోయాయి.

బండి అప్పగించే రోజు మాత్రం నేనింకా సూపర్‌వైజర్నే. ఐదు నిమిషాల టెస్ట్ డ్రైవు చాలదని ఇప్పటికి తెలిసింది కాబట్టి, స్కూలు దాకా వస్తానని అడిగాను. ఆవిడ సరేనన్నారు. ఆవిడే నడిపారు. దారిలో సంతలో ఆగాం, గేదెల మంద వెనక నిలబడ్డాం, గేటు పడితే ఆగి మళ్లీ కదిలాం. ఇంజను వేడి చూపించే ముల్లు సగానికి వచ్చి అక్కడే నిలబడింది. ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు. నేను ప్రతి చోటా ఊపిరి బిగబట్టాను. ఆవిడ పిల్లల పరీక్షల గురించి మాట్లాడుతూ ఉన్నారు.

స్కూలు ముందు వేపచెట్టు కింద కారు ఆపి, దిగి, కాలి పట్టా సరిచేసుకున్నారు. మొదటి బెల్లు కొట్టేశారు. నాకు ఏదో ఒక మాట చెబుతారని ఆశ పడ్డాను. మనిషి కదా, పాడుచేసినవాడు బాగుచేసినా మెప్పు కావాలి.

"విజయనగరం బస్సు పదిన్నరకి వస్తాది సార్. ఎండలో నిల్చోకండి, ఆ టీకొట్టు దగ్గర కూర్చోండి," అని ఆవిడ గేటు లోపలికి నడిచారు.

మూడు నెలలపాటు ఆవిడ ఎప్పుడు కారు దిగినా, నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి అనుమానంగా దానికేసి చూడటం నేను మా వర్క్‌షాపు ముందు ప్రతిసారీ గమనించాను. ఆ రోజు మైదానం దాటి, మెట్లెక్కి, వరండా చివరిదాకా వెళ్లి తరగతి గదిలోకి మళ్లారు. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.